ఫిల్టర్ బాబాయ్

కారు కొనేటప్పుడు రంగు చూసి సంతకం పెట్టేసిన మనిషి, ఆ కారుకి పది డాలర్ల ఆయిల్ ఫిల్టర్ కొనాల్సి వస్తే నెలన్నర కంటిమీద కునుకు లేకుండా గడుపుతాడు. ఇలాంటివాళ్లు అన్నిచోట్లా ఉంటారు. హైదరాబాద్‌లో ఉన్నారు, డాలస్‌లోనూ ఉన్నారు. కానీ ఈ జాతి ముదిరి పాకాన పడాలంటే సింగపూర్ కావాలి, అందులోనూ యీషున్ కావాలి. మా బ్లాకులో ఉన్న నమూనాని మేమంతా ఫిల్టర్ బాబాయ్ అంటాం. ఎదురుపడితే మాత్రం ఉత్తి "బాబాయ్ గారూ".

బాబాయ్ బండి టొయోటా వియోస్. 2008 చివర్లో రోడ్డెక్కింది. ఇక్కడ కాస్త లెక్క చెప్పకపోతే మనిషి అర్థం కాడు. సింగపూర్‌లో కారుకి ఒక డబ్బు, దాన్ని రోడ్డు మీద తిప్పే హక్కుకి ఇంకో డబ్బు. ఆ హక్కుని సీఓఈ అంటారు. 1990 నుంచి వేలంలో అమ్ముతున్నారు, పదేళ్ల వరకే చెల్లుతుంది. 2008 నవంబర్‌లో లోకమంతా మాంద్యంలో మూలుగుతుంటే చిన్నకార్ల సీఓఈ రెండు డాలర్లకి పడిపోయింది. వేలు కాదు, వందలు కాదు, అక్షరాలా రెండు. ఇద్దరు కూర్చుని టీ తాగితే అయిపోయే డబ్బు. బాబాయ్ బండి ఆ బాపతు. ఆయనకి జీవితంలో అదృష్టం తలుపు తట్టింది ఆ ఒక్కసారే. ఆ సంగతి ఇప్పటికీ లిఫ్టులో ఎక్కిన ప్రతివాడికీ పదో అంతస్తు వచ్చేలోపు చెప్పేస్తాడు.

పదేళ్లూ గిర్రున తిరిగాయి. 2018లో బండిని తుక్కుకిచ్చి కొంత డబ్బు వెనక్కి తీసుకోవాలా, మూడు నెలల వేలం ధరల సగటు కట్టి ఇంకో పదేళ్లు ఉంచుకోవాలా అన్న ప్రశ్న వచ్చింది. పాతిక వేల పైచిలుకు డాలర్లు కట్టి ఉంచుకున్నాడు. ఆ వారమంతా కూరలో ఉప్పు వేసినా వెయ్యకపోయినా మాట్లాడకుండా తినేశాడని పిన్ని చెప్పింది. తీరా 2023 అక్టోబర్‌లో అదే సీఓఈ 1,06,000 డాలర్లు తాకేసరికి, బాబాయ్ రొమ్ము విరుచుకుని కార్‌పార్కంతా ఓ చుట్టు చుట్టివచ్చాడు. వేలం నెలకి రెండుసార్లు, మామూలుగా బుధవారం సాయంత్రం నాలుగింటికి ముగుస్తుంది. కొనేదీ లేదు, అమ్మేదీ లేదు, అయినా ఆ వేళకి ఆఫీసులో ఏ మీటింగులో ఉన్నా ఫోన్ బయటికి తీయాల్సిందే.

అంచేత ఇప్పుడు ఆ ఇంజిన్ 2028 దాకా బతకాలి. ఈలోపు పద్నాలుగేళ్లు దాటిందని రోడ్డు పన్ను మీద 50 శాతం వడ్డించారు. పదేళ్లు దాటిన బండి కాబట్టి ఏటా తనిఖీకి తీసుకెళ్లాలి. వేలం ధర ఆయన చేతిలో లేదు, పన్ను ఆయన చేతిలో లేదు, పెట్రోలు ధర అసలే లేదు. బండి మొత్తం మీద బాబాయ్ మాట చెల్లేది ఆ అరచేతిలో పట్టే రేకుడబ్బా దగ్గరే. అందుకే తనకున్న హక్కులన్నీ తెచ్చి దానిమీదే వాడతాడు.

ఫిల్టర్ అంటే ఏముంది, రేకుడబ్బాలో మడతలు పెట్టిన కాగితం, అంతేగా అని ఆయన ముందు అనకండి. నేనోసారి అని ఒక ఆదివారం పోగొట్టుకున్నాను. బాబాయ్ లోపలికెళ్లి కొత్త ఫిల్టర్ ఒకటి తెచ్చి, ట్యూబ్‌లైటు కింద బోర్లించి పట్టుకున్నాడు. మధ్యలో మరలు చెక్కిన పెద్ద రంధ్రం, చుట్టూ చిన్న చిన్న చిల్లులు. ఓ చిల్లులోంచి పెన్సిల్ మొనతో లోపలి రబ్బరుని మెల్లగా నొక్కాడు. అది లోపలికి వెళ్లి మళ్లీ పైకి వచ్చింది. "చూశావా, ఎంత మెత్తగా ఉందో!" అన్నాడు, మనవడి బుగ్గ గిల్లినంత ముచ్చటగా.

బండి రాత్రంతా ఆగి ఉన్నప్పుడు ఫిల్టర్లో ఉన్న ఆయిల్ వెనక్కి జారిపోకుండా ఆపేది ఆ రబ్బరే. అది బిరుసెక్కిందంటే పొద్దున తాళం తిప్పగానే ఆయిల్ పైకి ఎక్కేదాకా ఇంజిన్ టకటకలాడుతుంది. కుర్ర ఇంజిన్ అయితే ఓర్చుకుంటుంది, పదహారేళ్లు దాటిన ఇంజిన్‌కి అంత ఓపిక ఎక్కడిది? మామూలు రబ్బరు సాధారణంగా నల్లగా ఉంటుంది, సిలికాన్ అయితే నారింజో ఎరుపో. ఇంజిన్ వేడికి సిలికాన్ ఎక్కువకాలం మెత్తగా ఉంటుంది. ఇదంతా నిజమే, కాదనను. యీషున్ అన్న పేరే లిమ్ నీ సూన్ అనే రబ్బరు తోటల ఆసామి పేరులోంచి వచ్చింది. ఆయన తోటలున్న ఊళ్లో వందేళ్ల తర్వాత ఒక బెజవాడ మనిషి బొటనవేలంత రబ్బరుపొర మీద ఇంత పరిశోధన చేస్తాడని ఆ పెద్దమనిషి కలలో కూడా అనుకుని ఉండడు.

అదే డబ్బాలో ఇంకో చిన్న వాల్వు ఉంటుంది. కాగితం మురికితో పూడుకుపోయినా, ఆయిల్ చిక్కబడి దిగకపోయినా అది తెరుచుకుని, వడకట్టని ఆయిల్నే ఇంజిన్‌కి పంపేస్తుంది. "అసలు ఆయిల్ అందకపోవడం కంటే మురికి ఆయిల్ నయంరా అబ్బాయ్" అంటాడు బాబాయ్. అని కళ్లు మూసుకుంటాడు. ఆ ఒక్క వాక్యం ఆయన మా బ్లాకు సంఘం ఎన్నికల నుంచి ఐపీఎల్ జట్ల ఎంపిక దాకా అన్నిటికీ వాడతాడు.

ఇక మైక్రాన్లు. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఫిల్టర్ అందులో మూడోవంతు ఉన్న రేణువుని కూడా పట్టాలని ఆయన పట్టుదల. దుకాణానికి వెళ్తే ధర అడగడు, "తొంభై తొమ్మిది శాతం ఏ మైక్రాన్ దగ్గర?" అంటాడు. ఐఎస్ఓ 4548-12 ప్రకారం పరీక్షించిన అంకె కావాలంటాడు. కౌంటర్ వెనక చైనీస్ అంకుల్ చాలా ఓపికమంతుడు. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి డబ్బా వంక చూస్తాడు, బాబాయ్ వంక చూస్తాడు. "బాస్, వియోస్ ఆహ్? దిస్ వన్ క్యాన్" అంటాడు. ఆయన శాస్త్రమంతా ఆ నాలుగు ముక్కలే. నిజం చెప్పాలంటే ఆయన మాటే రైటు. కంపెనీ ఆ ఇంజిన్‌కి చెప్పిన నంబరు 90915-వైజడ్‌జడ్‌ఈ1. బాబాయ్‌కి అది కంఠతా వచ్చు. సొంత ఇంటి పోస్టల్ కోడ్ అడిగితే మాత్రం ఆరంకెల్లో నాలుగో అంకె దగ్గర తడబడతాడు.

నంబరు తెలిశాక ఇంకేముంది అంటారేమో. అసలు కథ అక్కడే మొదలవుతుంది. థాయిలాండ్‌లో చేసినదా, జపాన్‌లో చేసినదా? అట్టపెట్టె మీద అచ్చు సరిగ్గా ఉందా? నకిలీ ఫిల్టర్ల గురించి ఎక్కడో విన్న నాటినుంచి, పిన్ని కాజూ తూచే త్రాసు మీద పెట్టి గ్రాముల్లో రాసుకోవడం మొదలెట్టాడు. ఓసారి ఒక డబ్బా తూకం సరిపోయింది, అచ్చు కూడా చక్కగా ఉంది. "అసలుదానికంటే శుభ్రంగా ఉంది, అదే నా అనుమానం" అని తిప్పి పంపించాడు.

ఇంకోసారి పెద్ద డబ్బా పిచ్చి పట్టింది. పెద్ద ఇంజిన్‌కి వేసే ఫిల్టర్ తెచ్చి బిగిస్తే కాగితం ఎక్కువ, మురికి ఎక్కువ పట్టుకుంటుంది కదా అని. ఆ ఇంజిన్‌కి ఫిల్టర్‌తో కలిపి పట్టేది మూడు లీటర్ల ఏడువందల మిల్లీలీటర్లు. పెద్ద డబ్బాతో ఎంతవుతుంది, వాల్వు ఒత్తిడి కలుస్తుందా, కింద రాయి తగులుతుందా అని స్కేలు పట్టుకుని బండి కింద దూరాడు. పైనుంచి పిన్ని ఫోన్ చేసి, పక్కబ్లాకు వాళ్లు మీకేమైనా అయిందేమోనని అడుగుతున్నారు, బయటికి రండి అనేదాకా రాలేదు.

బాబాయ్‌కి వుడ్‌లాండ్స్‌లో ఒక స్నేహితుడున్నాడు. ఆయనదీ పాత బండే. కానీ ఆయిల్ రెండుసార్లు మారిస్తే ఫిల్టర్ ఒకసారే మారుస్తాడు. కాగితం ఫిల్టర్ కొంత వాడాకే బాగా వడకడుతుందనీ, పట్టుకున్న మురికే రంధ్రాలని ఇంకా సన్నం చేస్తుందనీ ఆయన వాదన. దౌర్భాగ్యం ఏమిటంటే అందులో నిజముంది. అబద్ధమైతే బాబాయ్ నవ్వి వదిలేసేవాడు. నిజం కాబట్టి ఓ ఉగాదికి ఇద్దరూ మాట్లాడుకోలేదు. పచ్చడి గిన్నెలు మాత్రం ఆడవాళ్లు మార్చుకున్నారు.

సరిహద్దు అవతల మలేసియాలో ఉన్న జొహోర్ బారు ప్రయాణం గురించి చెప్పకపోతే తప్పు. వంతెన అవతల ఫిల్టర్ నాలుగు డాలర్లు చవక. పాస్‌పోర్టులు తీశాడు. సింగపూర్ బండి సరిహద్దు దాటాలంటే ట్యాంకు ముప్పావు వంతు నిండి ఉండాలని ఇక్కడి రూలు. అవతల చవక పెట్రోలు పోయించుకోకుండా పెట్టినదే. కాబట్టి ముందు ఇక్కడి ధరకి ట్యాంకు నింపించాడు. తర్వాత టోలు, తర్వాత వంతెన మీద బండ్ల బారు. అంతసేపూ ఇంజిన్ నిలబడే తిరిగింది కాబట్టి ఆయిల్ ముందుగానే మార్చాలని తిరిగొచ్చాక తేల్చాడు.

సర్వీసు జరిగేది యీషున్ ఇండస్ట్రియల్ పార్క్ ఎ లో. అక్కడ వరసగా కార్ల వర్క్‌షాపులు, వాటి మధ్యనే హోలీ ట్రీ శ్రీ బాలసుబ్రమణియర్ ఆలయం. పంగుణి ఉత్తిరం పండక్కి కావళ్లు మోసుకుని భక్తులు వచ్చే గుడి అది. బాబాయ్‌కి ఈ రెండూ పక్కపక్కన ఉండటం దైవసంకల్పం. పాత ఆయిల్ ఆఖరి బొట్టు దాకా కారాలి, తొందరపడి బిరడా బిగించకూడదు. అందుకని మెకానిక్‌తో "డోంట్ క్లోజ్, ఐ కమ్ బ్యాక్" అని చెప్పి గుడికి వెళ్తాడు. మిగతావాళ్లు మొక్కుని బట్టి ప్రదక్షిణలు చేస్తారు, బాబాయ్ ఆయిల్ చిక్కదనాన్ని బట్టి చేస్తాడు. విభూతితో తిరిగొచ్చి, కారిన ఆయిల్‌ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూస్తాడు. బెజవాడ ఆటోనగర్‌లో చిన్నప్పుడు నేర్చిన విద్య. "మా ఆటోనగర్‌లో అయితే..." అని మొదలుపెట్టగానే ఆ మెకానిక్ రేడియో పాట పెంచుతాడు.

పాత ఫిల్టర్ విప్పాక టార్చి వేసి చూడాల్సిందే. పాతదాని రబ్బరు రింగు ఒక్కోసారి ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోతుంది. గమనించక దానిమీద కొత్తది బిగిస్తే రెండు రింగుల మధ్య నుంచి ఆయిలంతా రోడ్డు పాలవుతుంది. ఈ ఒక్క విషయంలో బాబాయ్‌ని ఎగతాళి చెయ్యను, మీరూ చూసుకోండి. కొత్త రింగుకి వేలితో కాస్త ఆయిల్ రాస్తాడు. రింగు తగిలాక చేత్తో ముప్పావు చుట్టు. మెకానిక్ మణికట్టు తిరుగుతుంటే ఈయన "పావు... అర... ముప్పావు... స్టాప్!" అని పైకి లెక్కపెడతాడు. ఓసారి ఆ మెకానిక్ ముప్పావు దాటి ఇంకో రవ్వ తిప్పి, కావాలని ఈయన మొహం చూశాడు.

పాత ఫిల్టర్ మాత్రం అక్కడ పారెయ్యనివ్వడు. సంచిలో ఇంటికొస్తుంది. వంటింటి గట్టు మీద పాత పేపరు పరిచి, రేకు కత్తిరించి, కాగితం మడతలు విప్పి, అయస్కాంతం తిప్పుతాడు. ఇనుపపొడి కనిపిస్తే దిగులు. కనిపించకపోతే ఇంకా దిగులు, ఫిల్టర్ సరిగా పట్టడం లేదేమోనని. పక్కనే స్టవ్ దగ్గర ఇత్తడి కాఫీ ఫిల్టర్లో డికాక్షన్ చుక్కచుక్కగా దిగుతూ ఉంటుంది. వడకట్టే వేగం మీద ఇంత ఉపన్యాసం ఇచ్చే మనిషి, ఆ ఫిల్టర్లో ఒక్కనాడైనా రెండు చెంచాల పొడి వేసిన పాపాన పోలేదు. పిన్ని ఆ మాట అనదు. కాఫీ మాత్రం చల్లగా ఇస్తుంది.

ఈమధ్య ఎవరో జపాన్ సరుకు దొరుకుతోందని చెప్పారు. బాబాయ్ విడిగా ఒకటీ రెండూ కాకుండా పెట్టెడు తెప్పించేశాడు. ఇరవై. మంచం కింద ఆవకాయ జాడీల పక్కన సర్దుతుంటే పిన్ని వచ్చి నిలబడింది.

"ఏవండీ, ఏడాదికి రెండు మారుస్తారు. 2028తో బండి సరి. ఎంత లెక్కేసినా ఎనిమిది మించవు. మిగతా పన్నెండూ ఏం చేస్తారు?"

బాబాయ్ మంచం కిందనుంచి తల బయటికి పెట్టాడు. "ఐదేళ్లకి కట్టినవాళ్లు మళ్లీ పొడిగించుకోవడానికి వీల్లేదు. మనం పదేళ్లకి కట్టాం. కావాలంటే ఇంకో పదేళ్లు పొడిగించుకోవచ్చు."

"ఎంతవుతుంది?"

"ఎంతైతే ఏముందే, ఫిల్టర్లు చేతిలో ఉన్నాయిగా!"