వెనక సీటు

1941 ఆగస్టు తేదీతో 'మిలిటరీ కామిక్స్' తొలి సంచిక అమెరికా దుకాణాల్లోకి వచ్చింది. వెల పది సెంట్లు. పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడటానికి ఇంకా కొన్ని నెలల సమయం ఉంది. అమెరికాకు అప్పటికి ఎవరితోనూ యుద్ధం లేదు. పుస్తకం తెరిస్తే మాత్రం అంతా యుద్ధమే. పోలండ్ మీద జర్మన్ విమానాలు విరుచుకుపడుతుంటాయి. వాటి నాయకుడు వాన్ టెప్ అనే క్రూరుడు. ఎదురు తిరిగిన పోలండ్ పైలట్‌ను కూల్చేస్తాడు. కూలిన పైలట్ ఓ పల్లె ఇంటి వైపు పరుగెత్తితే ఆ ఇంటి మీదా బాంబు వేస్తాడు. ఆ శిథిలాల కింద పడి ఉన్నది పైలట్ తోబుట్టువులే. కొన్ని నెలలు తిరిగేసరికి నల్ల దుస్తుల్లో, తనలాంటి వాళ్ళను వెంటేసుకుని అతనే ఆకాశంలోకి తిరిగొస్తాడు. పేరు బ్లాక్‌హాక్.

విల్ ఐస్నర్ స్టూడియోలో పుట్టిన ఈ కథకు మొదట బొమ్మలు వేసినవాడు చక్ క్విడేరా. తర్వాత రీడ్ క్రాండల్ చేతికొచ్చాక ఆ పేజీలకు ఒక వైభవం వచ్చింది. విమానం ఒరిగితే గడి కూడా ఒరిగినట్టుంటుంది. దళంలో ఆండ్రే ఫ్రాన్స్ వాడు, ఓలాఫ్ స్వీడన్ వాడు, స్టానిస్లాస్ పోలండ్ వాడు, హెండ్రిక్సన్ హాలండ్ వాడు, చక్ అమెరికన్. దేశాలు పోగొట్టుకున్న వాళ్ళూ, దేశం దాటొచ్చిన వాళ్ళూ ఒక దీవిలో చేరి నియంతల మీద దండెత్తడం ఆనాటి పిల్లలకు ఎంత గొప్ప కలో ఇప్పుడు చదివినా తెలుస్తుంది.

వాళ్ళ విమానం సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. గ్రమ్మన్ కంపెనీ నౌకాదళం కోసం తయారుచేసిన ఎక్స్‌ఎఫ్5ఎఫ్ స్కైరాకెట్ అది. రెండు ఇంజన్లు, ముక్కు కంటే ముందుకు చొచ్చుకొచ్చిన రెక్కలు. 1940 ఏప్రిల్‌లో మొదటిసారి ఎగిరింది. నౌకాదళానికి నచ్చలేదు. ప్రపంచం మొత్తం మీద తయారైంది ఒక్కటంటే ఒక్కటే. బ్లాక్‌హాక్ దళంలో మాత్రం మనిషికొకటి ఉండేది.

ఒక్కడికి తప్ప. ఆ ఒక్కడు చాప్-చాప్, చైనావాడు. దళం మొదలైన ఏడాదే వచ్చి చేరాడు. పని వంట. చేతిలో మాంసం కొట్టే కత్తి, ముందుకు పొడుచుకొచ్చిన పళ్ళు, నెత్తిన పిలక, వచ్చీరాని ఇంగ్లీషు. నల్ల దుస్తులు అతనికి ఇవ్వలేదు, విమానమూ ఇవ్వలేదు. స్కైరాకెట్‌లో అసలు పైలట్ కూర్చునే సీటు ఒక్కటే. అయినా కథలో బ్లాక్‌హాక్ వెనక ఎలాగో ఒక చోటు చేసి చాప్-చాప్‌ను అక్కడ కుక్కారు. క్రాండల్ గీత అంటే నాకు ప్రాణం. ఈ బొమ్మ కనిపించినప్పుడల్లా మాత్రం మనసు చివుక్కుమంటుంది. చైనా మనిషి అంటే నవ్వుకోవడానికి, వండి పెట్టడానికి అని లక్షల మంది పిల్లల కళ్ళకు అలవాటు చేసిన బొమ్మ అది.

మరో మార్పు కూడా జరిగింది. పోలండ్ వాడిగా పుట్టిన బ్లాక్‌హాక్‌ను తర్వాతి కథల్లో అమెరికన్ అన్నారు. పోలండ్ తరఫున పోరాడటానికి వెళ్ళిన అమెరికన్ అని సర్దిచెప్పారు. పరాయి దేశం కోసం, తన దేశం యుద్ధంలోకి దిగకముందే ప్రాణాలొడ్డిన అమెరికన్!

ఈ కామిక్ పుట్టకముందే, బొమ్మల్లో కాదు, నిజంగానే చైనా ఆకాశంలో ఒక పైలట్ ఉండేవాడు. పేరు చెన్ రుయిదియన్. బ్లాక్‌హాక్ ఎవరి మీద పోరాడాడో ఆ జర్మనీకే 1936లో ఆయన్ను గన్నరీ శిక్షణకు పంపారు. మరుసటి ఏడాది చైనా మీద జపాన్ దండెత్తింది. ఆగస్టు 16న, కర్టిస్ హాక్ అనే రెండంతస్తుల రెక్కల విమానంలో వెళ్ళి మిత్సుబిషి బాంబరును కూల్చాడు. అయిదు శత్రు విమానాలు కూల్చిన పైలట్‌ను ఏస్ అంటారు. ఈయన లెక్క ఎనిమిది దాటింది.

1938లో ఒకసారి జపాన్ ఫైటర్లు చుట్టుముట్టాయి. తప్పించుకునే దారి లేదు. తన గ్లాడియేటర్ విమానాన్ని తీసుకెళ్ళి శత్రువు విమానానికే గుద్దేశాడు. పారాచూట్‌తో దిగాడు. కూలిన తన విమానంలోంచి మెషిన్‌గన్ ఒకటి ఊడదీసి పట్టుకొచ్చాడట. చైనా వైమానిక దళానికి సలహాదారుగా ఉన్న షెనాల్ట్ ముందు దాన్ని పెట్టి, ఈ గన్‌కు ఇంకో విమానం ఇప్పించమని అడిగాడని చెప్పుకుంటారు. ఏ కామిక్ రచయితకు తట్టింది ఈ ఘట్టం?

1939 డిసెంబర్ 27న కున్లున్ కనుమ మీద ఆయన విమానం పెట్రోలు ట్యాంకు అంటుకుంది. మంటల్లోనే కూర్చుని తన సైన్యం ఉన్న వైపుకు నడిపి, అప్పుడు దూకాడు. మొహం, చేతులు కాలిపోయాయి. ఆసుపత్రిలో కట్లతో కదలలేక పడి ఉండగా జపాన్ బాంబర్లు వచ్చాయి. భార్య ఈవా పిల్లలను సురక్షితమైన చోట ఉంచి, భర్త కోసం వెనక్కి పరుగెత్తుకొచ్చింది. బాంబు పడే క్షణంలో ఆయన మీద అడ్డంగా పడుకుంది. ఆయన బతికాడు. ఆమె బతకలేదు.

ఏళ్ళ తరబడి శస్త్రచికిత్సలు జరిగాయి. కాలిన చేతులతోనే మళ్ళీ విమానం ఎక్కి, యుద్ధం చివర్లో మన హిమాలయాల మీదుగా చైనాకు సరుకులు చేరవేశాడు.

యుద్ధం ముగిశాక తపాలా శాఖలో చేరాడు. ముప్పై ఏళ్ళ పైచిలుకు అదే కొలువు. ఆ తపాలా ఆఫీసు ఉన్నది చైనాలో కాదు, అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో. ఎందుకంటే 1913లో ఆయన పుట్టిన ఊరు అదే. అక్కడి పేరు ఆర్థర్ చిన్. పోర్ట్‌లాండ్ చైనీయులు చందాలు వేసుకుని విమానం నడపడం నేర్పించిన కుర్రాళ్ళలో ఒకడిగా 1932లో ఓడెక్కి చైనా వెళ్ళాడు. తన దేశం యుద్ధంలోకి దిగకముందే ప్రాణాలొడ్డాడు. ఆయన్ను అమెరికన్ చేయడానికి ఎవరూ కథ మార్చనక్కర్లేదు.

అమెరికా ప్రభుత్వం పతకాలిచ్చింది, యుద్ధం ముగిసిన అర్ధ శతాబ్దానికి. 1997 సెప్టెంబర్‌లో ఆయన కన్నుమూశాడు. నెల తిరిగాక టెక్సాస్‌లోని మిడ్‌లాండ్‌లో, అమెరికా యుద్ధ వైమానికుల గౌరవ శ్రేణిలో ఆయన పేరు చేర్చారు: రెండో ప్రపంచ యుద్ధంలో మొట్టమొదటి అమెరికన్ ఏస్.