మూడక్షరాల వ్యాపారం

టెలిఫోను తీగ మీద అమ్మే 'బిజినెస్ ఇంటర్నెట్'లో అన్నిటికంటే చురుగ్గా పనిచేసేది 'వరకు' అనే మూడక్షరాల మాట. 24 ఎంబీపీఎస్ వరకు! అబద్ధమని ఎవరూ అనలేరు; ఏడీఎస్ఎల్2ప్లస్ పద్ధతికి కాగితం మీది గరిష్ఠం అదే. కాకపోతే ఆ యోగం ఎక్స్ఛేంజి గోడకు ఆనుకుని దుకాణం పెట్టినవాడిది. రాగి తీగలో సంకేతం దూరం పోయేకొద్దీ నీరసిస్తుంది. ఐదు కిలోమీటర్లు దాటాక ఒకటో రెండో మిగిలితే గొప్ప. మంచిర్యాల మార్కెట్లో బట్టల కొట్టుకూ, ఊరవతల రైసుమిల్లుకూ ఒకే ప్లాను అంటగట్టొచ్చు. 'వరకు' ఎక్కడి వరకో తీగకే ఎరుక.

దూరాన్ని క్షమించినా అసలు తిరకాసు ఏడీఎస్ఎల్‌లోని 'ఏ'లో ఉంది. అసిమెట్రిక్, అంటే రాకకూ పోకకూ పొంతన లేనిది. వచ్చే దారి గోదావరి, పోయే దారి చెలిమె: ఎక్కించే వేగం ఒక ఎంబీపీఎస్‌కు కాస్త అటూ ఇటూ. సినిమా చూసే ఇంటికి ఇది చాలు. వ్యాపారికి పంపే పనే ఎక్కువ. వంద ఎంబీల లెక్కల ఫైలు పంపితే పదమూడు నిమిషాల పైనే. ఆలోపు మిగతా పనులూ పడకేస్తాయి. ఎందుకంటే వచ్చిన డేటాకు 'ముట్టింది' అని రసీదు పోతేనే తర్వాతి మూట కదులుతుంది, ఆ రసీదులూ ఆ చెలిమెలోంచే పోవాలి. ఈ-వే బిల్లు తెర మీద గిర్రున తిరుగుతుంటే లారీ గేటు దగ్గర నిలబడుతుంది. బ్రాడ్‌బ్యాండ్ అంటే ఇంత వేగముండాలన్న సర్కారు కొలత 2004లో 256 కేబీపీఎస్, 2023లో 2 ఎంబీపీఎస్. అదీ దించుకునే వేగమే.

తీగ ఎలాగూ ఉంది, రోడ్డు తవ్వే పని లేదంటారు. నిజమే. 2005లో బీఎస్ఎన్ఎల్ డేటావన్ మొదలైనప్పుడు అదే తీగ చిన్న ఊళ్లకు నెట్టు తెచ్చింది, దానికో నమస్కారం. కరెంటు పోయినా ల్యాండ్‌లైను మోగుతుందంటారు. ఫోను మోగుతుంది, మోడెం మాత్రం ఫ్యానుతోపాటే ఆరిపోతుంది. బిజినెస్ ప్లానుకు మారని ఐపీ అడ్రసు ఇస్తామంటారు. ఇంటి నంబరు మారనంత మాత్రాన ఇంటిముందు సందు వెడల్పవుతుందా? ప్లాను పేరు ఏదైనా స్తంభం మీది డబ్బాలో ఉన్నది మెలేసి టేపు చుట్టిన, చిలుము పట్టిన అదే జాయింటు. సంతకం పెట్టేముందు రెండే అడగండి: ఎక్స్ఛేంజి నుంచి మా గడపకు తీగ పొడవెంత? 'వరకు' తీసేస్తే ఎక్కించే వేగమెంత? జవాబులు కాగితం మీద రాసిమ్మనండి.