డబ్బా బలం

నాదర్‌గుల్ కుర్రాడు జిమ్‌లో చేరితే డంబెల్ కన్నా ముందు ప్రొటీన్ పొడి డబ్బా కనబడుతుంది. ‘అన్నా, ఇది తాగకపోతే బాడీ రాదు’ అంటాడు ట్రైనర్. డబ్బా లేపాలంటే ముందు నాన్న జేబు తేలికవ్వాలి!

మన తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. కండల కోసం ప్రొటీన్ పొడులు తినొద్దని 2024 మేలో చెప్పింది. 60 కిలోల మనిషికి రోజుకు సుమారు 50 గ్రాముల ప్రొటీన్ చాలని దాని లెక్క. బరువులెత్తేవాళ్లకు ఇంకాస్త కావాలని పరిశోధనలంటాయి. సరే, కావాలి. పప్పు, పెరుగు, చికెన్ ఎక్కడికి పోయాయి? గుడ్డుకు 6 గ్రాములు. పాపం, గుడ్డు మీద సిక్స్‌ప్యాక్ బొమ్మ ఉండదు, ట్రైనర్‌కు కమిషనూ రాదు.

గట్టి రుజువున్న కొద్ది సప్లిమెంట్లలో క్రియాటిన్ ఒకటి; రోజుకు 3-5 గ్రాములు చాలు. అదీ చవకే. వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు పని చెప్పమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఏడాది ఫీజు కట్టి సెల్ఫీ దిగడం ఆ రెండు రోజుల్లోకి రాదు.

తమ్ముళ్లూ, కిడ్నీ సమస్య ఉంటే ఈ పొడుల గురించి అడగాల్సింది డాక్టర్‌ని, డబ్బా అమ్మేవాణ్ణి కాదు.