నేను ఐదు కిలోల కాంటాను

నా వెనక అంటించిన చీటీ మీద నా జాతకమంతా ఉంటుంది: ఎక్కువలో ఎక్కువ 5 కిలోలు, తక్కువలో తక్కువ 1 గ్రాము, పెన్సిల్ సెల్లులు రెండు. ఇబ్రహీంపట్నంలో పెద్దచెరువు వైపు వెళ్లే దారిలో ఓ ఇంట్లో, పొయ్యిగట్టు మీద, పోపుల డబ్బా పక్కన నా కాపురం. సాగర్ రోడ్డు మీద ఇంజనీరింగ్ కాలేజీలు చాలా ఉన్నాయి కదా, వాటిలో ఒకదానిలో ఈ ఇంటి కోడలు పాఠాలు చెబుతుంది. రెండో కాన్పు తర్వాత పెరిగిన ఒళ్లు తగ్గించుకోవాలని నన్ను ఆన్‌లైన్‌లో తెప్పించింది. డబ్బా విప్పగానే అత్తమ్మ నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "గిదేం కాంటా? బంగారం తూస్తవా బిడ్డా?" అంది. ఆమెవి సోల, గిద్దె కొలతలు. గ్రాములతో ఆమెకు ఎన్నడూ పని పడలేదు.

నాకొచ్చిన విద్య ఒక్కటే. నా పళ్లెం కింద వేలెడంత అల్యూమినియం పట్టీ ఉంటుంది. పైన ఏదైనా పెడితే అది కంటికి ఆననంతగా వంగుతుంది. దానికి అతికించిన సన్నతీగలో విద్యుత్ నిరోధం ఆ వంపును బట్టి మారుతుంది. ఆ మార్పే నా మొహాన అంకెగా పడుతుంది. కేలరీలు నాకు తెలియవు, అవి ఫోన్ చెబుతుంది. ఫోన్‌కైనా ఎవరో పట్టికలు కట్టి ఇవ్వాల్సిందే. మన తిండికి ఆ పట్టికలు కట్టింది హైదరాబాద్‌లోనే, తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ. 2017లో వాళ్లు అచ్చువేసిన పుస్తకంలో 528 పదార్థాల లెక్కలున్నాయి. ఇవన్నీ నేను విన్నది ఇంటి ఆడబిడ్డ నోట. హోమ్ సైన్స్ చదువుతోంది, వంటింట్లో కూర్చుని గట్టిగా చదువుకోవడం ఆమె అలవాటు.

ఫోన్ కోడలికి రోజుకు 1200 కేలరీలు కేటాయించింది. మొదట్లో నాకు మంచి రోజులే నడిచాయి. ఒకసారి కూర చేసేముందు నూనె సీసాను నా మీద పెట్టింది, పోపు అయ్యాక మళ్లీ పెట్టింది. 40 గ్రాములు తరిగింది! గ్రాము నూనెకు 9 కేలరీలు, అంటే 360. పావుకిలోకు పైగా అన్నం తిన్నంత. అత్తమ్మ నమ్మలేదు, సీసాను మరోసారి పెట్టించింది. పండక్కి చేసే సకినాలు, సర్వపిండి సంగతి ఆ పూట ఎవరూ ఎత్తలేదు. లెక్కపెట్టడం పిచ్చిపని అనేవాళ్లకు నా జవాబు ఇదే. చేతి అందాజుకు నూనె దొరకదు, నాకు దొరుకుతుంది.

చిక్కు అన్నం దగ్గర వచ్చింది. కోడలు గిన్నెలో 150 గ్రాముల అన్నం తూచి, ఫోన్‌లో "బియ్యం" అని నొక్కేది. 100 గ్రాముల బియ్యం 356 కేలరీలు. ఉడికాక నీళ్లు తాగి రెండున్నర, మూడింతలవుతుంది కనుక 100 గ్రాముల అన్నం 130 లోపే. ఆమె తిన్నది రెండొందలలోపు, ఫోన్ రాసుకున్నది ఐదొందల పైచిలుకు. పూటపూటకూ ఇదే. సాయంత్రానికి కోటా నిండినట్టు ఫోన్ ఎర్రగా చూపించేది.

"గింతేనా తినుడు? ఇంకో ముద్ద పెట్టుకో బిడ్డా."

"ఇయ్యాల్టి కేలరీలు అయిపోయినయ్ అత్తమ్మా."

ఇంకా విచిత్రం బిస్కెట్లు. నాలుగు గ్లూకోజు బిస్కెట్లు, ఒక గుడ్డు కేలరీల్లో ఇంచుమించు సమానం. బిస్కెట్లకు ఉడకబెట్టే పని లేదు, స్టాఫ్ రూమ్‌కు తీసుకుపోవచ్చు. అలా గుడ్డు పోయింది, తర్వాత పప్పు పలచనైంది. పుంటికూర, గంగవాయిలి కూర తూస్తే ఫోన్‌లో లెక్కకు రానంత చిన్న అంకె వచ్చేది. దానికోసం కట్టలు తెచ్చి, ఏరి, కడగడం ఎందుకనిపించిందేమో, అవీ తగ్గాయి. జుట్టు ఊడటం మొదలైంది. మెట్లెక్కితే ఆయాసం. పరీక్ష చేయిస్తే రక్తం తక్కువుందన్నారు.

"అంత ఒళ్లుండి రక్తం తక్కువేందే?" అని అత్తమ్మ నోరు తెరిచింది. ఆడబిడ్డ పుస్తకంలోంచి రెండంకెలు చదివి వినిపించింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ ఆడవాళ్లలో నూటికి 30 మంది అధిక బరువున్నవాళ్లు, 57 మందికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లు. రెండూ కలిపితే నూరు దాటకపోయినా, రెండు జాబితాల్లోనూ ఉన్న ఒకామె నా ఎదురుగానే నిలబడి ఉంది.

ఆ రాత్రి ఆడబిడ్డ చదివిన పాఠం నాకు బాగా గుర్తుంది. 1918లో లులు హంట్ పీటర్స్ అనే అమెరికా డాక్టరమ్మ, రొట్టెముక్క అనొద్దు, 100 కేలరీల రొట్టె అనండి అని జనానికి నేర్పుతూ పుస్తకం రాసింది. సరిగ్గా అదే ఏడాది మన దక్షిణాన కూనూరులో మెక్‌కారిసన్ అనే దొర బెరిబెరి జబ్బు మీద ఒక గదిలో పరిశోధన మొదలుపెట్టాడు. తర్వాత హైదరాబాద్‌కు తరలివచ్చి తార్నాక సంస్థ అయింది అదే. ఆ జబ్బు మన సర్కారు జిల్లాల్లో పాతుకుపోయి ఉండేది. కడుపునిండా పాలిష్ బియ్యం తినేవాళ్లకే కాళ్లు తిమ్మిరెక్కి, గుండె బలహీనపడేది. కేలరీలకు లోటు లేదు. తవుడుతో పాటు థయమిన్ అనే విటమిన్ పోయింది. ఉప్పుడు బియ్యం తినేవాళ్ల జోలికి అది పెద్దగా రాలేదు.

అయితే జొన్నరొట్టే మందు అనుకుంటున్నారా? దక్కన్‌లో జొన్న మీదే బతికిన పేదల్లో ఎండ తగిలిన చర్మం నల్లబడి పొట్టులేచే పెల్లగ్రా కనిపించింది. పరిశోధకులు సి. గోపాలన్, శ్రీకాంతియా 1960లో లాన్సెట్ పత్రికలో దానిమీద రాశారు. ఏ గింజా ఒంటరిగా ఒంటిని నిలబెట్టలేదు. పైగా సన్నబడటానికి బియ్యం మాని జొన్నకు మారేవాళ్లు నా మాట వినాలి: 100 గ్రాముల జొన్నలు 334 కేలరీలు, బియ్యానికి 22 తక్కువ. తేడా అక్కడ లేదు. పీచు బియ్యంలో 3 గ్రాముల లోపు, జొన్నలో 10. ఇనుము బియ్యంలో ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు, జొన్నలో దాదాపు 4. ఆడమనిషికి రోజుకు 29 కావాలని సంస్థ చెబుతోంది కనుక, రొట్టె పక్కన ఆకుకూర పప్పు, దానిమీద నిమ్మరసం ఉండాల్సిందే. పులుపు ఇనుమును ఒంటికి పట్టిస్తుంది, భోంచేసిన వెంటనే తాగే చాయ్ అడ్డుపడుతుంది. ఈ రెంటికీ ఫోన్‌లో మీట లేదు.

"వదినె, ముందు పప్పు పెట్టుకో, తర్వాత అన్నం తూచు," అంది ఆడబిడ్డ. వరస మారింది, అంతే. పప్పు, గుడ్డు, కూరల్లో ఏదీ తగ్గించకుండా గిన్నెలో పెడతారు. కోటాలో మిగిలిందే అన్నానికి, నూనెకు. తార్నాక వాళ్ల మార్గదర్శకాల్లో కూడా వారానికి అరకిలో తగ్గితే చాలని, తగ్గేవాళ్ల తిండి రోజుకు 1000 కేలరీలకు దిగకూడదని ఉంది. పాత లెక్కతో ఆమె దానికంటే కిందికి ఎప్పుడో జారింది.

ఎంత తగ్గిందని నన్నడగకండి. మనుషులు నా మీద నిలబడరు, 5 కిలోలు దాటితే నేను 'ఎర్రర్' అంటాను. మెట్లెక్కి వచ్చి ఆయాసపడకుండా నన్ను ఆన్ చేస్తోంది, అది మాత్రం చెప్పగలను.

మీ ఇంట్లో నాలాంటిది ఉంటే ఈ పూట నుంచి ఇలా చేయండి. పోపుకు ముందు, తర్వాత నూనె సీసాను తూచండి. అన్నం తూచితే ఫోన్‌లో అన్నం అనే రాయండి, బియ్యం అని కాదు. పప్పు గిన్నెను మాత్రం కొన్నాళ్లు నా మీద పెట్టకండి, నేరుగా కంచంలోకి వంచుకోండి.