పదకొండో కాలం

నా నోరు ఆరున్నర అంగుళాలు, లోతు 720 అడుగులు. దిబ్బూరహళ్ళి పొలిమేరలో, మల్బరీ తోట మూలన ఉంటాను. ఉంటాను అంటే, నోటి మీద బండతో ఉంటాను. నేను ఎండిన బోరును.

2004 ఎండాకాలంలో పుట్టినాను. వరసగా మూడేళ్లు కరువు. నంది కొండల దగ్గర ఏరులు పుడతాయి గాని, ఏడాది పొడుగునా పారే ఏరు ఈ జిల్లాలో ఒక్కటీ లేదు. పాయింటు చూసే ఆయన అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని తోటంతా తిరిగినాడు. ఈ మూలకు వచ్చేసరికి కాయ నిటారుగా లేచి నిలబడింది. మర్నాటి రాత్రి తిరుచెంగోడు రిగ్గు లారీ వచ్చింది. అరవై అడుగులు మట్టి, అంతవరకూ కేసింగు పైపు దించినారు. ఆ కింద అంతా రాయే. లేచిన తెల్లటి పిండి మా రైతు మీసాల మీద పడి, మనిషి ఒక్క రాత్రిలో ముసలాడైపోయినట్టు కనబడినాడు. 400 దాటినాక పిండి తడిసి ముద్దగా వచ్చింది. రిగ్గు మనిషి ఆపనా అన్నట్టు చూసినాడు. "ఇంగ రొంత పోనీ సామీ" అన్నాడు మా రైతు. ఆ రొంతకు కూడా అడుగుల లెక్కన డబ్బే. 720 దగ్గర రెండంగుళాల నీళ్లు ఎగిసినాయి. ఇంటావిడ ఆ బురద నీళ్లకే పసుపు కుంకుమ చల్లి మొక్కింది.

ఆ డబ్బు టౌనులో ఒక బ్యాంకు ఇచ్చింది, రెండెకరాలు తనఖా పెట్టుకుని. కర్ణాటకలో ప్రతి పొలానికీ పహణీ ఉంటుంది. అందులో పదకొండో కాలంలో ఆ నేల మీది అప్పులు రాస్తారు. మా రైతు పహణీలో అంతవరకూ ఆ గడి తెల్లగా ఉండేది. బ్యాంకు సారు వచ్చి గట్లు చూసినాడు, తోట చూసినాడు, ఎకరా ఎంత పలుకుతుందో వాకబు చేసినాడు. కింద నీళ్లు ఎన్నాళ్లుంటాయని మాత్రం అడగలేదు. తనఖా పడింది నేల. కంతు కట్టాల్సింది నేను.

రెండేళ్లు బాగానే కట్టినాను. ఈలోగా నా చుట్టూ పది బోర్లు లేచినాయి, ఒక్కోటి నాకంటే లోతు. 2006 వేసవిలో, పట్టుపురుగులు నాలుగో జ్వరం (కుబుసం) లేచి వానపడ్డట్టు చప్పుడు చేస్తూ ఆకు తినే వారంలో, నా మోటారు గాలి పీల్చింది. నాలుగో జ్వరం లేచిన పురుగు రోజంతా తింటానే ఉంటుంది. ఒక్క పూట ఆకు తగ్గినా గూడు పలచబడుతుంది. ఇంటావిడ ఊరూరా తిరిగి ఆకు కొనుక్కొచ్చింది. శిడ్లఘట్ట మార్కెట్లో గూళ్లు అమ్మిన డబ్బు ఆ ఆకు బాకీకే చాలింది. మూడుకాళ్ల మీద గొలుసు కప్పీ వేలాడదీసి, పైపులు ఒక్కొక్కటీ బయటికి లాగినారు. చివరి పైపు అడుగున తడి కూడా లేదు.

కంతులు నిలిచిపోయినాయి. నోటీసు వచ్చింది. పొలం వేలం వేస్తారని ఊళ్లో అనుకున్నారు. కానీ పక్కింటోడి నేల మీద పాట పాడే మనిషి ఏ పల్లెలో ఉంటాడు? అది బ్యాంకుకూ తెలుసు.

2008 ఫిబ్రవరి 29న అప్పటి ఆర్థిక మంత్రి చిదంబరంగారు ఢిల్లీలో బడ్జెట్టు చదివినారు. 60,000 కోట్ల మాఫీ, నాలుగు కోట్ల మంది రైతులకు. మా రైతు కొడుకు నా పైపు పక్కన కూర్చుని పేపరు పైకి చదివినాడు. బోరు అప్పులాంటి పెద్ద గడువు అప్పుల్లో, 2007 డిసెంబరు 31 నాటికి బాకీ పడిన కంతులు పోతాయట. ఇంట్లో ఆ పూట పాయసం వండినారు. నాకు అప్పుడే ఒక సందేహం వచ్చింది. మాఫీ రైతుకు అన్నారు, డబ్బు బ్యాంకుకు పోయింది. మా రైతు చేతికి రూపాయి రాలేదు, నాలోకి చుక్క రాలేదు. మునిగిపోయిన కంతులను వసూలు చేసుకున్నది ఎవరు?

అదే ఏడాది సెప్టెంబరులో ఆ కుర్రోడే ఇంకో వార్త చదివినాడు. అమెరికాలో ఇళ్ల తనఖా అప్పులను బ్యాంకుల దగ్గర కొనే రెండు పెద్ద సంస్థలు, ఫానీ మే, ఫ్రెడ్డీ మాక్, కూలబోతుంటే 7వ తేదీన సర్కారు తన చేతిలోకి తీసుకుంది. అక్కడి ఖజానా వాటిలో పోసింది సుమారు 18,700 కోట్ల డాలర్లు. ఆ పనిని అక్కడ సంస్థలను కాపాడటం అన్నారు. ఇక్కడ రైతులను కాపాడటం అన్నారు. ఇంకో తేడా కూడా ఉంది. అమెరికా సర్కారు ఆ సంస్థల్లో వాటా రాయించుకుంది. తర్వాతి ఏళ్లలో అవి పోసినదానికంటే ఎక్కువే డివిడెండ్ల రూపంలో ఖజానాకు కట్టినాయి. మా బ్యాంకు దగ్గర ఎవరూ ఏమీ రాయించుకోలేదు. ఎందుకిచ్చినావయ్యా ఆ అప్పు అని అడగను కూడా లేదు.

వాన పడకపోవడం మా రైతు తప్పు కాదు. అట్లాంటప్పుడు నాలుగూళ్ల జనం తలా ఇంత మోస్తే తప్పని నేననను. కానీ నాలోకి తొంగిచూడకుండా డబ్బిచ్చినవాడు కూడా రూపాయిలో పావలా మోయాలి. లేకపోతే రేపు ఇంకో బోరుకూ అట్లే ఇస్తాడు. ఇచ్చినాడు కూడా. 10 హెచ్.పి. దాకా మోటార్లకు కరెంటు ఉచితమయ్యాక బోర్లకు అడ్డే లేకపోయింది.

2018 జూలై 5న అప్పటి ముఖ్యమంత్రి కుమారస్వామిగారు 34,000 కోట్ల మాఫీ ప్రకటించినారు. అది పంట అప్పులకు, మాలాంటివాటికి కాదు. దాని కోసం అదే బడ్జెట్టులో పెట్రోలు పన్ను 30 నుంచి 32 శాతానికి, డీజిలు పన్ను 19 నుంచి 21కి పెంచినారు. మద్యం మీద కూడా వడ్డించినారు. పన్ను కట్టేవాడంటే బెంగళూరులో కోటు వేసుకున్న మనిషని ఊళ్లో అనుకుంటారు. తోటలో ఆకు కోసే కూలికి నేల లేదు, పహణీ లేదు, పదకొండో కాలమూ లేదు. అయినా సాయంత్రం క్వార్టరు మూత తిప్పినప్పుడల్లా ఆ పన్ను కట్టినాడు. అత్త సొమ్ము అల్లుడి దానం అంటారే, ఇక్కడ ఆ అత్త కూలికి పోతుంది.

పక్క పొలం అవ్వదీ బోరు అప్పే. తాకట్టు పెట్టిన గాజులు విడిపించుకోకుండానే ప్రతి కంతూ గడువుకు ముందే కట్టింది. 2008లో ఆమెకు ఏమీ దక్కలేదు, బాకీ లేదు గనక. 2013లో సర్కారు లెక్కలు చూసే కాగ్ ఆ మాఫీవి 90,576 ఖాతాలు తిరగేసి అయిదింట ఒకదానికి మించి తప్పులున్నాయని చెప్పింది. అవ్వ ఖాతాలో మాత్రం ఏ తప్పూ ఉండదు. ఎండ ఎక్కువైతే నా బండ మీద కూర్చుంటుంది. "కట్టినోళ్లం పిచ్చోళ్లమా?" అని నన్నే అడుగుతుంది. ఒకసారి బండ కొంచెం జరిపి, గులకరాయి ఒకటి లోపలికి వదిలి చెవి పెట్టింది. చప్పుడు రావడానికి చాలాసేపు పట్టింది.

పిల్లలు పడకుండా పాడుబడిన బోర్లు మూయాలని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. అందుకే ఈ బండ.

మొన్న మళ్లీ కొబ్బరికాయ ఆయన వచ్చినాడు, ఈసారి కొడుకు పిలిస్తే. నాకు ముప్పై అడుగుల దూరంలో కాయ లేచి నిలబడింది. వారానికి ఇంకో బ్యాంకు నుంచి కుర్ర సారు బైకు మీద వచ్చి, నాలుగు గట్ల దగ్గరా నిలబడి ఫోనులో ఫోటోలు తీసుకున్నాడు. ఒకదాంట్లో నేనూ పడినాను. బండ, దాని మీద ఆరబెట్టిన చంద్రిక (పురుగులు గూళ్లు కట్టుకునే వెదురు తడిక), పక్కన తలగుడ్డతో అవ్వ. "కొంచెం పక్కకు జరుగమ్మా, తోట కనబడాలి" అన్నాడు సారు.

అవ్వ లేచి పక్కకు జరిగింది. చంద్రికను కూడా తీసి పట్టుకుంది.