చెరువు నిండినాక కబురు పెట్టండి

చెరువు నిండుతుందని ఎదురుచూడటం మా సీమవాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య. ఒక కన్ను మబ్బు మీద, ఒక కన్ను కాలవ మీద వేసి ఏళ్లకేళ్లు గడిపేయగలం. అయితే మదనపల్లెలో కూర్చుని కాలిఫోర్నియా చెరువు నిండుతుందని పదకొండేళ్లు ఎదురుచూసిన ఘనత మాత్రం నా ఒక్కడిదే.

2015లో బడిపంతులు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక పలచటి లాప్‌టాప్ ఒకటి కొందామనుకున్నాను. ఒళ్లో పెట్టుకుంటే తొడ కాలకూడదు. సంచీలో వేసుకుంటే భుజం జారకూడదు. హార్స్‌లీ హిల్స్ ఎక్కి దిగేదాకా చార్జింగు నిలవాలి. నా కోరికల జాబితా ఇంతే. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మేనల్లుడికి ఫోన్ చేశాను.

"ఇప్పుడు కొనొద్దు మామా! కొత్త ప్రాసెసర్ వస్తాండాది. తక్కువ కరెంటుతో నడుస్తాదంట. ఆర్నెల్లు ఆగు."

ఈ మాట పక్కింటాయన చెవిన పడింది. "తక్కువ కరెంటు కోసం అమెరికా దాకా ఎందుకు సార్? ఎండాకాలం రాత్రి మా ఇంటికి రండి. లో వోల్టేజీకి తిరిగే ఫ్యాను రెక్కలు ఒకటొకటీ లెక్కపెట్టుకోవచ్చు" అన్నాడు.

మేనల్లుడి లెక్కలో తప్పు లేదు. ప్రాసెసర్‌కు ఇచ్చే వోల్టేజీ రెట్టింపయితే అది తినే కరెంటు నాలుగింతలవుతుంది. తిన్నదంతా చివరికి వేడిగా బయటికొస్తుంది. లావుపాటి పెట్టెలో అయితే ఫ్యాను తిరిగి ఆ వేడిని ఊదేస్తుంది. అప్పడమంత పెట్టెలో ఫ్యానుకు చోటేదీ? అందుకే పలచటి లాప్‌టాప్ మొదటి నిమిషాలు గుర్రంలా ఉరికి, ఒళ్లు వేడెక్కగానే కాళ్లీడుస్తుంది. అలిపిరి దగ్గర మెట్లు పరుగెత్తి ఎక్కి, మోకాళ్ల పర్వతం దగ్గర కూలబడే కుర్ర భక్తుడి కథే.

దీనికి విరుగుడుగా 2014లోనే ఇంటెల్ కోర్ ఎం అనే ప్రాసెసర్ తెచ్చింది. లెక్క ప్రకారం దాని తిండి 4.5 వాట్లు. మన దేవుడి గదిలో వెలిగే చిన్న ఎల్‌ఈడీ బల్బు పాటి. 2015లో ఆపిల్ దాన్ని ఫ్యాను లేని సన్నటి మ్యాక్‌బుక్‌లో పెట్టింది. సన్నబడే ఉత్సాహంలో చార్జింగుకూ పెన్‌డ్రైవ్‌కూ కలిపి ఒకే రంధ్రం మిగిల్చింది. "మొదటి కాపు ఎప్పుడూ పులుపే మామా, స్కైలేక్ రానీ" అన్నాడు మావాడు.

అక్కడే నేను చెరువులో పడ్డాను. లేక్ అంటే చెరువే కదా! స్కైలేక్ అదే ఏడు వచ్చింది. ఆకాశ చెరువు నిండింది కదా, కొనేద్దామా అన్నాను. "ఉండు, వెనకాలే కానన్ లేక్ వస్తాండాది. 10 నానోమీటర్లు" అన్నాడు. మీటరును నూరు కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క నానోమీటరు. ముక్క చిన్నదయ్యేకొద్దీ తిండి తగ్గుతుందట. సరే, ఫిరంగి చెరువు కోసం గట్టు మీద కూర్చున్నాను. 2016 అన్నారు. 2017 అన్నారు. 2018 మే నెలలో అది వచ్చింది. ఎలా? ఒకే ఒక్క ప్రాసెసర్‌గా, అదీ గ్రాఫిక్స్ మూతేసి! ఫిరంగి పేలుతుందని చెవులు మూసుకుంటే తుస్సుమన్న సీమటపాకాయ అది.

ఈలోగా చెరువులకు కొదవ లేదు. 2016లో కేబీ లేక్. మరుసటి ఏడు కాఫీ లేక్ అన్నారు. 2018 ఆగస్టులో, పలచటి లాప్‌టాప్‌ల కోసమేనంటూ విస్కీ లేక్ దిగింది. మా రిటైర్డ్ పంతుళ్ల బృందం ప్రాసెసర్ల మీద మొట్టమొదటిసారి ఆసక్తి చూపించింది అప్పుడే. అయితే అన్నిట్లోనూ ఉన్నది అదే పాత 14 నానోమీటర్ల నీరు. చెరువు అదే, గట్టు మీద బోర్డు మాత్రం ఏటా కొత్తది. మన దగ్గర పథకాల పేర్లు మార్చడం చూసినవాళ్లకు ఈ విద్య గురించి వివరించనక్కరలేదు.

2020 నవంబర్‌లో ఆపిల్ ఈ చెరువులతో పని లేదని సొంతంగా బావి తవ్వుకుంది. పేరు ఎం1. ఫ్యాను లేని మ్యాక్‌బుక్ ఎయిర్ చల్లగా, చకచకా పని చేస్తుంటే లోకం నోరు తెరిచింది. నేను జేబు తెరవబోయాను. "తొందరపడొద్దు మామా! ఇంగ పోటీ మొదలైంది, అందరూ తెస్తారు." తెచ్చారు కూడా. క్వాల్‌కామ్ 2023 అక్టోబర్‌లో చాటింపు వేసి, 2024 జూన్‌లో సరుకు దించింది. పాత సాఫ్ట్‌వేర్ దానితో మాట్లాడాలంటే మధ్యలో దుబాసీ కావాలన్నాడు మావాడు. అదే ఏడు సెప్టెంబర్‌లో ఇంటెల్ లూనార్ లేక్ వచ్చింది. చందమామ చెరువు! అందులో ర్యామ్‌ను ప్రాసెసర్ పక్కనే అతికించేశారు. పెళ్లినాడు పెట్టిందే సొమ్ము, తర్వాత కలపడం కుదరదు. "పాంథర్ లేక్ దాకా ఆగు" అన్నాడు.

ఆగడం మా ఊరికి కొత్తా? రైలు కావాలంటే మదనపల్లె రోడ్ స్టేషన్ ఇచ్చారు. అది ఊరికి స్టేషన్ కాదు, ఊరికి వచ్చే రోడ్డుకు స్టేషన్. జిల్లా కావాలంటే 2022 ఏప్రిల్‌లో కేంద్రం రాయచోటికి వెళ్లింది. ఇలాంటివి దిగమింగినవాడికి ఒక లాప్‌టాప్ లెక్కా!

ఆలోచిస్తే నవ్వొస్తుంది. ఈ ప్రాసెసర్ల కంపెనీలన్నీ ఇన్నేళ్లుగా వెతుకుతున్న తక్కువ తిండి, ఎక్కువ పని సరుకు మాకు కూతవేటు దూరంలోనే ఉంది. పుంగనూరు ఆవు. మనిషి నడుము దాటని ఎత్తు. రోజుకు అయిదారు కిలోల మేత వేస్తే మూడు నాలుగు లీటర్ల పాలిస్తుంది. అదీ వెన్న తేలే పాలు. ఫ్యాను అక్కర్లేదు, చెట్టు నీడ చాలు. దానికి పాంథర్ అని పేరు పెట్టలేదు కాబట్టి చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. పలమనేరు పరిశోధన కేంద్రం కాపాడకపోయి ఉంటే ఆ జాతి ఏమయ్యేదో! 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన ఇంట్లో వాటికి మేత పెడుతున్న ఫొటోలు వచ్చాక, ఇప్పుడు కావాలన్నా దొరకవు.

2026 జనవరిలో పాంథర్ లేక్ నిజంగానే వచ్చింది. ఉత్సాహంగా ఫోన్ చేశాను. అవతల నిశ్శబ్దం. "వచ్చింది గానీ మామా, ర్యామ్ ధరలు మండిపోతాండాయి. ఏఐ కంపెనీలు ఉన్నదంతా ఎత్తుకుపోతా ఉండాయి. దిగినాక కొందాం."

ధర దిగడం గురించి మదనపల్లెవాడికి చెబుతున్నాడు! విసుగొచ్చి టమోటా మార్కెట్ వైపు నడిచాను. ఒక మండీలో నా పాత శిష్యుడు గుమస్తా. క్రేట్ల మధ్య బల్ల, బల్ల మీద లాప్‌టాప్. ఇటుకంత లావు. మూలల్లో టమోటా రసం ఎండి చారికలు కట్టింది. "ఎ" అక్షరం ఊడిపోతే అక్కడ బిందీ అతికించాడు. బ్యాటరీ ఎప్పుడో పోయింది, వైరు పీకితే ఆరిపోతుంది. ఫ్యాను మోత వేలంపాటతో పోటీ పడుతోంది. ఆ మోతలోనే ఒక రైతు పట్టీ టకటకా కొట్టి, అచ్చు తీసి చేతిలో పెట్టాడు.

"కొత్తది కొనకూడదా?" అన్నాను.

"కొనాలయివోరూ. మంచిది వస్తాదంట గదా, చూద్దాం" అన్నాడు, తల ఎత్తకుండా ఇంకో పట్టీ కొడుతూ.

వాడూ ఎదురుచూస్తున్నాడు, నేనూ ఎదురుచూస్తున్నాను. వాడు పని చేస్తూ చూస్తున్నాడు. అంతే తేడా. 2023 జూలైలో ఇక్కడే కిలో టమోటా రెండు వందల అంచుకు చేరింది. ఇంకా పెరుగుతుందని ఆగుదామంటే టమోటా ఒప్పుకోదు, రెండో రోజుకే మెత్తబడుతుంది. కోసిన రోజే అమ్మాలి, వచ్చిన ధరే ధర. నా పనికి కుళ్లే గుణం లేదు. అందుకే పదకొండేళ్లు నిలవ ఉంది. మా ఊరి చరిత్ర రాయాలన్నదే ఆ పని. అందులో మొదటి అధ్యాయం టాగూర్. 1919 ఫిబ్రవరిలో ఆయన మా బీసెంట్ థియోసాఫికల్ కాలేజీకి వచ్చి, జనగణమనను ఇంగ్లీషులోకి మార్చారు. సున్నా వాట్లతో. మంచి కలం వస్తుందట, ఆర్నెల్లు ఆగండని చెప్పడానికి ఆయనకు బెంగళూరులో మేనల్లుడు లేడు మరి.

ఆ సాయంత్రమే ఒక సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ కొన్నాను. రెండు కిలోల చిల్లర బరువు. తొడ కాలుతుంది, కనుక దిండు వేసుకుంటున్నాను. ఫ్యాను మోగుతుంది, మా ఇంట్లో ఇద్దరికీ ఎలాగూ చెవులు తక్కువ. మొదటి అధ్యాయం అయిపోయింది.

వార్త తెలిసి మేనల్లుడు లబోదిబోమన్నాడు. "ఎంత పని చేసినావు మామా! నోవా లేక్ వస్తాండాది గదా!"

"రానీ నాయనా. కుప్పం వాళ్లను చూడు. శ్రీశైలం నుంచి ఏడు వందల కిలోమీటర్లు దాటి హంద్రీనీవా నీళ్లు రావాలని ఏళ్ల తరబడి చూశారు. 2025 ఆగస్టులో పరమసముద్రం చెరువు దగ్గర జలహారతి అయింది. అన్నేళ్లూ వాళ్లు గట్టు మీద కూర్చోలేదు. బోరు నీళ్లతో పంట పెట్టుకుంటూనే చూశారు. మీ నోవా చెరువు కూడా నిండినాక కబురు పెట్టు. కప్పలం, మేమెట్లాగూ చేరతాం. రెండో అధ్యాయం మధ్యలో ఉండా, ఫోన్ పెట్టేయ్."