లతీఫ్ సాబ్ ఎవరో తెలియదంటే ఎలా?

ఈ రోజుల్లో సైనికుడంటే జనవరి ఇరవై ఆరుకీ ఆగస్టు పదిహేనుకీ సెల్‌ఫోన్లోకి వచ్చిపడే బొమ్మ. వెనకాల జెండా, చేతిలో తుపాకీ, కింద నాలుగు ముక్కల కవిత్వం. పొద్దున్నే పదిమందికి పంపి సాయంత్రానికి చెరిపేస్తారు. ఆ మనిషికీ ఒక ఇల్లుంటుందని, భార్యాపిల్లలుంటారని, యూనిఫాం విప్పేశాక కూడా ముప్పై నలభై ఏళ్ళు బతకాలని ఎవరికీ పట్టదు. మా రోజుల్లో ఫౌజీ అంటే మన వీధి మనిషి. సికింద్రాబాదులో పెరిగిన పిల్లలం, రిక్షాలో నల్ల ట్రంకుపెట్టె కనబడితే చాలు, దాని మీద తెల్లరంగుతో రాసిన పేరూ నంబరూ చదివి ఎవరింటికి ఎవరు సెలవు మీద వచ్చారో చెప్పేసేవాళ్ళం.

మొన్న కాలేజీలో చదివే మనవణ్ణి అడిగాను, "ఒరేయ్, ఇద్రీస్ లతీఫ్ ఎవరో తెలుసా?" అని. "ఏ లతీఫ్ తాతయ్యా?" అన్నాడు. వాణ్ణేమనను, వాళ్ళ నాన్నకీ తెలియదు. ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రీస్ హసన్ లతీఫ్. 1923 జూన్ 9న మన హైదరాబాదులో పుట్టి, మన నిజాం కాలేజీలో చదివి, భారత వైమానిక దళానికి అధిపతి అయిన మనిషి. సినిమా హీరో మేనల్లుడి పెళ్ళి ఎక్కడ జరిగిందో చెప్పగలరు గానీ, ఈ పేరు చెబితే మొహం తేలేస్తారు.

పద్దెనిమిదేళ్ళకే వైమానిక దళంలో చేరారు. మొదట కరాచీలో పని. అరేబియా సముద్రం మీద శత్రువుల సబ్‌మెరైన్ల కోసం గస్తీ. నడపడానికి ఇచ్చింది వాపిటీల్లాంటి పాతకాలపు విమానాలు. పైనొక రెక్క, కిందొక రెక్క, నెత్తిమీద కప్పు లేదు. కింద నీళ్ళు తప్ప మరేం కనబడని చోట, మొహాన గాలి కొడుతుంటే, ఇంజను ఆగదనే నమ్మకం మీద గంటలకొద్దీ తిరగాలి. ఆ వయసులో ఉన్న మా మనవడికి బస్సులో కిటికీ పక్క సీటు దొరక్కపోతే ముఖం మాడిపోతుంది. తర్వాత ఇంగ్లండు పంపి హరికేన్లు, స్పిట్‌ఫైర్ల మీద తర్ఫీదిచ్చారు. తిరిగొచ్చాక బర్మాలో జపాను మీద యుద్ధం.

అసలు చెప్పవలసింది 1947 సంగతి. దేశాన్నే కాదు, సైన్యాన్నీ పంచుకున్నారు. ముస్లిం ఆఫీసర్లను అటా ఇటా తేల్చుకోమన్నారు. లతీఫ్‌తో పాటు యుద్ధం చేసిన అస్గర్ ఖాన్, నూర్ ఖాన్ అటు వెళ్ళారు, ఆయన్నీ రమ్మన్నారు. ఆ ఇద్దరూ తర్వాత ఒకరి వెనక ఒకరు పాకిస్తాన్ వాయుసేనకు అధిపతులయ్యారు. వెళ్ళి ఉంటే ఈయనకూ ఏ లోటూ ఉండేది కాదు. మతం వేరు, దేశం వేరు అని ఇక్కడే ఉండిపోయారు. ఇంకో మాట గుర్తుంచుకోవాలి. అప్పటికి మన హైదరాబాదే భారతదేశంలో కలవలేదు. అది 1948 సెప్టెంబరు మాట. సొంత ఊరు ఎటు పోతుందో తేలకముందే ఈ మనిషి తేల్చుకున్నారు. 1950లో గణతంత్రం వచ్చిన రోజు ఢిల్లీ ఆకాశంలో విమానాల వరసను ముందుండి నడిపింది ఆయనే.

ఇదంతా ఎందుకు ఎత్తానంటే, మా అపార్ట్‌మెంట్ మీటింగులో ఆ మధ్య ఒకాయన లేచి, ఖాళీగా ఉన్న మూడో అంతస్తు ఫ్లాటు "వాళ్ళకి" ఇవ్వొద్దన్నాడు. వచ్చింది బ్యాంకు ఉద్యోగి, ఇద్దరు చిన్నపిల్లలు. పేరొక్కటే అడ్డం. చదువుకున్నవాళ్ళు పదిహేనుమంది కూర్చుని తలలూపారు. నేను లేచి లతీఫ్ కథ చెప్పాను. "అది వేరండీ అంకుల్" అన్నారు. ఏమిటి వేరు? లాల్‌బజార్‌లో మా ఇంటికి అటు గోడా ఇటు గోడా ఎవరిదో చూసుకుని మా నాన్న ఇల్లు తీసుకోలేదు. నీళ్ళొస్తాయా అని చూసుకుని తీసుకున్నాడు.

మళ్ళీ లతీఫ్ సంగతికొస్తే, 1978 సెప్టెంబరు నుంచి మూడేళ్ళు వైమానిక దళానికి ఆయన అధిపతి. జాగ్వార్ యుద్ధవిమానాలు వచ్చింది ఆ హయాంలోనే. మిగ్-25 కూడా అప్పుడే వచ్చింది. ధ్వని వేగానికి రెండున్నర రెట్లు దాటి పోగల విమానం. 1981లో పదవి దిగే ముందు, యాభై ఎనిమిదేళ్ళ వయసులో, అందులో ఎక్కి ఎగిరారు. తన కుర్రాళ్ళు నడిపేది తానూ ఒకసారి ఎక్కి చూడాలి, అదీ ఆ తరం ఆఫీసరంటే. ఇప్పటి పెద్దసార్లు కింది ఉద్యోగి కూర్చునే కుర్చీ దగ్గరికి కూడా రారు, అద్దాల గదిలోంచి మెయిలు కొడతారు.

ఇక ఇంటి సంగతి. 1951లో బిల్కీస్‌ని పెళ్ళి చేసుకున్నారు. ఆమె అలీ యావర్ జంగ్ గారి కూతురు, తల్లి ఫ్రెంచి వనిత. ఫౌజీ ఇల్లాలి బతుకు చూసినవాళ్ళకి తెలుస్తుంది. ఒక క్వార్టర్ కిటికీలకు కుట్టించిన తెరలు ఇంకో క్వార్టర్‌కు పొట్టివైపోతాయి. పిల్లలకు ఒక బడిలో స్నేహితులు కుదిరేసరికి బదిలీ కాగితం వస్తుంది. ఆ తిరుగుళ్ళలోనే బిల్కీస్ గారు సొంతంగా ఒక మనిషై నిలబడ్డారు. వాళ్ళమ్మ కథను పుస్తకంగా రాశారు. 1982లో లతీఫ్ మహారాష్ట్ర గవర్నరయ్యారు. ఒకప్పుడు ఆమె తండ్రి గవర్నరుగా ఉన్న రాజ్‌భవనే అది. బిల్కీస్ గారు ఆ సముద్రపు ఒడ్డు మేడలో కూర్చుని ఊరుకోక, ధారావి మురికివాడలో ఆడవాళ్ళ కోసం, పిల్లల కోసం పనిచేశారు. 2009లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. ఇంట్లో ఇద్దరిలో ఒకరు గొప్పవారైతే రెండోవారు నీడలో ఉండాలన్న లెక్క ఆ ఇంట్లో లేదు.

గవర్నరు పదవి తర్వాత లతీఫ్ మూడేళ్ళు ఫ్రాన్సులో రాయబారి. 1988లో, ఇక చాలనుకుని, నేరుగా హైదరాబాదు వచ్చేశారు. ఏ దేశంలోనైనా ఉండిపోగలిగిన దంపతులు సొంత ఊరికి తిరిగొచ్చారు. మా కాలనీలో ప్రతి ముసలాయనా పిల్లలు అమెరికా నుంచి టిక్కెట్టు ఎప్పుడు పంపుతారా అని ఎదురుచూస్తుంటాడు, ఈ ఊళ్ళో ఏముందండీ అంటాడు.

2017లో బిల్కీస్ గారు పోయారు. ఆ తర్వాత కొన్ని నెలలకే, 2018 ఏప్రిల్ 30న, ఆయన. పెళ్ళయి అరవై ఆరేళ్ళు దాటిన జంట. పేపర్లో చదివి ఇంట్లో చెబితే, "తొంభై నాలుగేళ్ళు కదా, నిండు జీవితం" అన్నారు. నిండుదే. కానీ ముప్పై ఏళ్ళు ఈ ఊళ్ళోనే ఉన్నారు కదా. వాపిటీ ఎలా నడిపారండీ, ఆ రోజు అటు ఎందుకు వెళ్ళలేదండీ అని ఒక్క పిల్లాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళి అడిగించాలని ఈ కాలనీల్లో ఎంతమంది అమ్మానాన్నలకు తోచింది?